ఎండాకాలం తేలే నాగమ్మ రాయి

నాగరాళ్ల బొమ్మలు గీసుకుంటూ తిరగడం మొదలుపెట్టి మూడు వేసవులైంది. నేను సూర్యాపేటలో డ్రాయింగ్ టీచర్‌ని. బడికి సెలవులిచ్చిన మర్నాడే ఒక సంచిలో రెండు నోటు పుస్తకాలు, నాలుగు పెన్సిళ్లు, నీళ్ల సీసా వేసుకుని బస్సెక్కేస్తాను. మా ఉమ్మడి నల్గొండ జిల్లాలోనూ, పక్కన పాలమూరు వైపూ పాతకాలపు నీళ్లున్న ప్రతిచోటా ఒక నాగరాయి కనిపిస్తుంది. తూము పక్కన కొన్ని, ఎండిపోయిన దిగుడుబావి గోడల్లో కొన్ని, వాగు మలుపులో చింతచెట్టు మొదట్లో కొన్ని. నీళ్లను కాపాడేది పామేనని మావైపు నమ్మకం. బావిలో ఉండే నీరుకట్టెను ఎవరూ కొట్టరు. అది వెళ్లిపోతే ఊట కూడా దాని వెంటే వెళ్లిపోతుందంటారు.

బౌద్ధుల కథల్లోనూ నీళ్లకు పామే కావలి. బుద్ధుడు ధ్యానంలో ఉండగా ఏడు రోజులు ఆగకుండా వాన కురిస్తే, ముచిలిందుడనే నాగరాజు వచ్చి ఆయన చుట్టూ చుట్టలు చుట్టుకుని, తల మీద పడగ పట్టాడట. నీటి అడుగున నాగలోకంలో పాములు దాచి ఉంచిన గ్రంథాలను ఒక ఆచార్యుడు వెళ్లి తెచ్చాడని ఇంకో కథ. ఫణిగిరి గుట్ట మీద స్తూపానికి చుట్టుకున్న పాము ఉన్న పలకను గీస్తున్నప్పుడు ఈ కథలే తలుచుకుంటున్నాను. అక్కడ గడ్డి కోస్తున్న పెద్దావిడ ఒకామె కొడవలి పక్కన పెట్టి వచ్చి, నా పుస్తకంలోకి తొంగి చూసింది.

"గిసొంటి రాయి మా మేనత్తోళ్ల ఊరికాడ నీళ్లల్ల ఉంటది టీచరమ్మా. సాగర్ నీళ్లు దిగినప్పుడే తేల్తది" అంది.

"దారి చెప్తవా అమ్మా?" అని అడిగాను.

"చెప్తగని, పోయి ఏం గీస్తవ్? నడిమి పడగ పోయింది దానికి. పడగతోని ఒక మనిషి గూడ పోయిండు" అని మళ్లీ కొడవలి అందుకుంది. ఊరి పేరు మాత్రం చెప్పింది. ఆ ఊరి పేరు నేనిక్కడ రాయడం లేదు. పాత రాళ్ల కోసం తిరిగేవాళ్లున్నారు కాబట్టి రాయొద్దని అక్కడివాళ్లు అడిగారు. దేవరకొండ దాటి, చందంపేట మీదుగా సాగర్ వెనక జలాల వైపు వెళ్లే దారి అని మాత్రం చెప్పగలను.

మే నెల చివరి వారంలో ఒక రోజు ఉదయం ఐదున్నరకు సూర్యాపేటలో బస్సెక్కాను. ఏడు గంటలకు నల్గొండలో దిగి, దేవరకొండ బస్సు పట్టుకుంటే తొమ్మిదిన్నరకు దేవరకొండ చేరాను. రెండు బస్సులూ పల్లె వెలుగులే కాబట్టి ఆడవాళ్లకు జీరో టికెట్. ఆధార్ కార్డు చేతిలో ఉంటే చాలు. బస్టాండు ఎదురుగా ముప్పై రూపాయలకు నాలుగు ఇడ్లీలు తిని, సాయంత్రం వరకు ఆటో మాట్లాడుకున్నాను. ఎనిమిది వందలన్నాడు, ఏడు వందలకు ఒప్పుకున్నాడు. డ్రైవర్ పేరు హనుమంతు. నలభై ఏళ్లుంటాయి. మెడలో ఎర్ర తువ్వాలు, వెనక సీటు కింద ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా.

"అన్ని నీళ్లెందుకన్నా?" అన్నాను.

"ఆడి నీళ్లు మేము తాగం మేడం. ఊరిదాక తీస్కపోత. ఒడ్డుకాడికి మాత్రం నేను రాను. గుట్ట మీద చెట్టు కింద ఆగుత. ముందే చెప్తున్న, మల్ల అనొద్దు."

దేవరకొండ దాటాక ఎర్ర నేల, రాతి గుట్టలు, సీతాఫలం పొదలు, దున్ని వదిలేసిన పత్తి చేన్లు. తండాల దగ్గర తప్ప దారిలో మనుషులే కనపడలేదు. ఎండ పదింటికే మండిపోతోంది. గొర్ల మంద ఒకటి అడ్డం వస్తే హనుమంతు బండి ఆపి, ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలోనే సంగతంతా చెప్పాడు.

ఊళ్లో మల్లయ్య అనే ముసలాయన ఉన్నాడు. రాయి తేలినప్పుడల్లా దానికి పాలు పోసేది ఆ ఇంటివాళ్లే. నాలుగు వేసవుల కిందట రాయి తేలేసరికి ఐదు పడగల్లో నడిమి పడగ లేదు. సరిగ్గా ఆ వారంలోనే సైదులు అనే మనిషి వల తీసుకుని నీళ్లలోకి వెళ్లి తిరిగి రాలేదు. వరసకు మల్లయ్య తమ్ముడి కొడుకే. అతని పుట్టి పడవ ఒక్కటే రాయి దగ్గర దొరికింది. మనిషి లేడు, వల లేదు.

"పుట్టి ఉన్నకాడనే గిరగిర తిరుగుతున్నదంట మేడం. గాలి లేదు, వాగు లేదు. రెండు దినాలు తిరిగిందంట. ఎవ్వరు పోయి పట్టుకోలే."

"పడగ సంగతి?"

"అమ్ముకుందామని సైదులే కొట్టిండన్నరు. పాము ఊకుంటదా, మింగిందన్నరు." గొర్లు దాటిపోయాక ఇంజను మళ్లీ మొదలుపెడుతూ అన్నాడు. "ఆయన పెండ్లాం యాదమ్మ ఉంది. మిమ్ముల రాయికాడికి తీస్కపోయేది ఆమెనే. ఇంకెవ్వరు పుట్టి ఎయ్యరు ఆడికి."

పదకొండుకు ఊరు చేరాం. ఇరవై ముప్పై ఇళ్లు. సాగర్ నీళ్లొచ్చి పాత ఊరు మునిగితే పైకొచ్చి కట్టుకున్నవి. అందరూ ఒకప్పుడు గొర్లు, మేకలు కాసినవాళ్లే. గడ్డి బీళ్లు నీళ్లలో పోయాక సగంమంది వలలు వేయడం నేర్చుకున్నారు. ఆటో గుట్ట మీద ఆగిపోయింది. నేను కిందికి నడిచాను. నీళ్లు దిగిపోయిన మేర నేల పలకలు పలకలుగా నెర్రెలిచ్చింది. అక్కడక్కడ మోడులు, పాత ఊరి గోడల మొదళ్లు. వాటి అవతల నీళ్లు. ఒక్క అల కూడా లేదు. ఎండకు కళ్లు చెదురుతున్నా ఆ నీటిలో మెరుపే లేదు. ముదురాకుపచ్చగా, చల్లారిన పులుసులా ఉంది.

ఒడ్డున తాటాకుల పందిరి కింద మల్లయ్య కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. భుజాన గొంగడి, కాళ్ల దగ్గర ఇత్తడి చెంబు. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పి, పుస్తకం చేతికిచ్చాను. పేజీలన్నీ ఓపికగా తిప్పి చూశాడు.

"గీస్కో బిడ్డా. కని, లేని పడగను ఉన్నట్టు గీయకు. ఉన్నది ఉన్నట్టు గీయ్" అన్నాడు.

"నువ్వు కూడా వస్తవా తాతా?"

"మాపటీలి పాలు తీస్కొని వస్త. యాదమ్మ తీస్కపోతది నిన్ను. ఆమె మాత్రం రాయున్న దిబ్బ మీద కాలు పెట్టదు. నువ్వు దిగి నడువాలె."

యాదమ్మ అప్పటికే పుట్టిని నీళ్లలోకి తోస్తోంది. వెదురు బద్దలతో అల్లి, అడుగున పట్టా కుట్టి తారు పూసిన గుండ్రటి పడవ అది. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. నా వయసే ఉంటుంది ఆమెకు, సన్నగా, బలంగా ఉంది. రానూపోనూ రెండు వందలు. "నడుమ కూసో అక్కా. అంచు పట్టుకోకు" అని మాత్రం చెప్పి, తెడ్డు వేయడం మొదలుపెట్టింది.

ఒడ్డున కొంగలున్నాయి. లోపలికి పోయేకొద్దీ పిట్ట అన్నది లేదు. చేప ఎగరలేదు. తెడ్డు నీళ్లలో పడుతున్న చప్పుడు కూడా ఎందుకో తక్కువగా వినిపిస్తోంది.

"ఈడ మా అత్తోళ్ల పాత ఇల్లు" అంది యాదమ్మ, తెడ్డుతో కిందికి చూపిస్తూ. "గీడ బడి. ఇంకా లోపటికి పోతే సన్నాసుల జాగా అంట. మా అత్త చెప్పేది. ఎనకట సన్నాసులు రాసిన పుస్తకాలు నీళ్ల అడుగున ఉన్నయంట. పాము వాటి మీద పండుకొని తడవనియ్యదంట."

బడి ముఖం చూడని మనిషి నోట ఆ కథ వినగానే ఎండలో కూడా నా చేతుల మీద రోమాలు లేచాయి. నేను పుస్తకాల్లో చదివిన కథే అది. ఇక్కడ ఎవరూ చదవకుండానే, నీళ్లు వచ్చి ఊరే మునిగిపోయినా, అత్త నోటి నుంచి కోడలికి చేరింది.

"నీకు భయం లేదా యాదమ్మా, ఇటు రావడానికి?"

"మా ఇంటాయన ఈడ్నే ఉన్నడు గద అక్కా. నేను రాకపోతే ఎవరొస్తరు?"

ముందర నీళ్లలోంచి పైకి లేచిన బురద దిబ్బ, దాని మీద ఒంటరిగా నిలబడిన రాయి కనిపించాయి. ఇంకా వంద అడుగులు ఉంటుంది. యాదమ్మ తెడ్డు తీసి పుట్టిలో పెట్టేసింది. అరచేత్తో నీటిని మూడుసార్లు కొట్టి ఊరుకుంది.

"ఏంటిది?"

"వచ్చినమని చెప్పాలె. చెప్పకుండ పోతే మంచిగుండదు. ఇంక నేను తొయ్య. అదే తీస్కపోతది."

నిజమే, పుట్టి ఆగలేదు. చిన్నగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒకసారి ఒడ్డు నా ఎదుటకు వచ్చేది, ఒకసారి రాయి వచ్చేది. తిరుగుతూ తిరుగుతూ దిబ్బ వైపే జరుగుతోంది. నేను చీర కొంగు పైకెత్తి పట్టుకుని చూశాను, గాలి ఉందేమోనని. కొంగు నిలువుగా వేలాడింది. హనుమంతు చెప్పిన తిరిగే పుట్టి ఇదేనేమో అనుకున్నాను. యాదమ్మ మాత్రం రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, ఆటోలో కూర్చున్నంత మామూలుగా కూర్చుంది.

దిబ్బకు పది అడుగుల దూరంలో పుట్టి ఆగింది. నేను దిగాను. మోకాలి లోతు నీరు. పైన నలభై మూడు డిగ్రీల ఎండ కాస్తోంది, కింద నీళ్లు మాత్రం బావి అడుగు నీళ్లంత చల్లగా ఉన్నాయి. వేళ్లు కొంకర్లు పోయాయి.

రాయి నా నడుమెత్తు ఉంది. పాలిపోయిన ఆకుపచ్చ రంగు సున్నపురాయి. కింద మూడు చుట్టలు చుట్టుకున్న పాము, పైన విప్పిన పడగలు. రెండు కుడివైపు, రెండు ఎడమవైపు. నడుమ ఖాళీ. ఆ ఖాళీకి సరిగ్గా కింద, చుట్టల మీద, చిన్న రెండు పాదాలు చెక్కి ఉన్నాయి. నాగమ్మ పిల్లల అడుగులని ఊరివాళ్లు వాటికి పసుపు పూస్తారట. నేను చూసిన పాత పలకల్లో బుద్ధుణ్ణి మనిషిలా చెక్కకుండా పాదాలే పెడతారు. వానలో తడవకుండా ఆయనకు పడగ పట్టిన ముచిలిందుడే ఇక్కడ నాగమ్మ అయ్యాడని నాకనిపించింది. ఎవరి పేరుతోనైనా, పసుపు మాత్రం తరతరాలుగా పడుతోంది.

కూర్చుని గీయడం మొదలుపెట్టాను. కాసేపటికి చప్పుడు వినిపించింది. రాయి కింద నుంచి. నిద్రపోయే మనిషి ఊపిరిలా, లోపలికి పోయి, ఆగి, బయటికొస్తోంది. నెర్రెల్లోంచి గాలి వస్తుందని నాకు తెలుసు. అయినా నా ఊపిరి కూడా దానితో పాటే ఆడుతోందని గమనించి, పెన్సిలు కింద పెట్టాను.

విరిగిన చోటు గీయడానికి దగ్గరికి వెళ్లి చూడాల్సి వచ్చింది. నేను పుట్టింది మేళ్లచెరువు దగ్గర. నాయిన సున్నపురాయి క్వారీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. మధ్యాహ్నం అన్నం తీసుకెళ్లి, ఆయన తినే దాకా బండల మీద కూర్చునేదాన్ని. ఉలి పెట్టి కొట్టిన రాయి ఎలా ఉంటుందో, పొర విడి తనంతట తాను ఊడిన రాయి ఎలా ఉంటుందో నాయిన చేత్తో తడిమించి చూపించేవాడు. కొట్టిన చోట గుంటలుంటాయి, అంచు పెచ్చులు లేస్తుంది. పొర విడితే ముఖం పలకలా ఉంటుంది, లోపలికి ఏళ్లుగా దిగిన నీటికి తుప్పు రంగు పట్టి ఉంటుంది. ఈ రాయి విరిగిన చోట బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర వరకు తడిమాను. ఒక్క ఉలి గుర్తు లేదు. పలకలా ఉంది. అంచు దాకా తుప్పు రంగు.

"యాదమ్మా" అని పిలిచాను. "దీన్ని ఎవరూ కొట్టలేదు. పొర విడి దానంతటదే ఊడింది."

ఆమె పుట్టిలోనే కూర్చుని ఉంది. "ఏమన్నవ్?" అంది.

మళ్లీ చెప్పాను. నాయిన గురించి, రాయి గురించి, తుప్పు రంగు గురించి అంతా చెప్పాను. ఆమె తల తిప్పి రాయిని చూసింది.

"గట్లయితే పడగ ఏడ పోయింది మరి?"

సరైన ప్రశ్న. ఊడితే ముందుకే పడాలి. రాయికి ముందర దిబ్బ వాలుగా నీళ్లలోకి దిగుతోంది. ఈసారి నీళ్లు ఎన్నడూ లేనంత దిగాయని మల్లయ్య చెప్పాడు. నేను వాలు వెంట దిగి, నీటి అంచున వంగి చూశాను. మోకాలి లోతులో, బురద మీద, ఏదో నల్లగా గుండ్రంగా కనిపించింది. పాత టైరు అనుకున్నాను. చెయ్యి పెట్టబోయాను. టైరు మీద తల లేచింది.

నేను కదల్లేకపోయాను. అంత లావు పామును ఎప్పుడూ చూడలేదు. నా ముంజేతికంటే లావు. చుట్టలు చుట్టుకుని దేన్నో పట్టుకుని ఉంది. నీటి పైకి తల ఎత్తలేదు, నీటి లోపలే ఉండి నన్ను చూస్తోంది. నాకు తెలిసినంతలో నీరుకట్టె అలా ఉండదు. అలికిడైతే పారిపోతుంది. ఇది పారిపోలేదు.

వెనక నీళ్లలో చప్పుడైంది. యాదమ్మ పుట్టి దిగి వస్తోంది. నాలుగేళ్లలో ఆమె ఆ దిబ్బ మీద కాలు పెట్టడం అదే మొదటిసారి. నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. గొంతు పెంచకుండా, ఎదురింటి ఆడమనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నీ పడగ మేము తియ్యలే. ఆయన గూడ తియ్యలే. నీకు ఎరుకనే అది. జర జరుగు, చూసుకుంటం."

పాము చుట్టలు విప్పింది. తల లోతుకు తిరిగి చీకటి నీటిలోకి వెళ్లిపోయింది. ఒళ్లు మాత్రం దిబ్బ అంచు మీంచి జారుతూనే ఉంది. నేను బిగబట్టిన ఊపిరి వదిలి, మళ్లీ తీసుకున్నాను, మళ్లీ వదిలాను. ఇంకా జారుతూనే ఉంది. తోక ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. చూశానని చెబితే అబద్ధమవుతుంది. నీళ్లు కదలడం ఆగిపోయాక, అది వెళ్లిపోయి ఉంటుందని అనుకున్నాను, అంతే.

అది చుట్టుకున్న చోట బురదలో బోర్లా పడి ఉంది నడిమి పడగ. ఇద్దరం కలిసి ఎత్తాం. చిన్న తిరగలి రాయంత బరువు. నా చేతులు ఆ నీళ్లలో మొద్దుబారిపోయాయి. రాయి మాత్రం వెచ్చగా ఉంది. అప్పుడే ఒడిలోంచి దింపిన పసిబిడ్డ ఒంటి వెచ్చదనం లాంటిది. యాదమ్మ కూడా గమనించింది. నా వైపు చూసింది.

"ఒడ్డుకు తీసుకెళ్లి అందరికీ చూపిద్దామా?" అన్నాను.

"వద్దక్కా. నా పుట్టిల వస్తే నేనే దాచిపెట్టిన్నంటరు. గీడనే ఉండనీ. మా మల్లయ్య మామనే రానీ."

దాన్ని దిబ్బ మీద, రాయి పక్కన పడుకోబెట్టి ఒడ్డుకు వెళ్లాం. మల్లయ్యకు సంగతి చెప్పింది నేను. యాదమ్మ తెడ్డు పట్టుకుని నీళ్లలోనే నిలబడింది. ఆయన నమ్మలేదు, నమ్మనని కూడా అనలేదు. గొంగడి పందిరి కింద పెట్టి, మేకపాల చెంబు తీసుకుని పుట్టి ఎక్కాడు. ముగ్గురి బరువుకు పుట్టి అంచు నీళ్లకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉంది. ఈసారి యాదమ్మ నీటిని కొట్టలేదు. దిబ్బ దాకా తెడ్డు వేసింది. పుట్టి తిరగలేదు.

మల్లయ్య పడగ ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎవరు తీసిన్రు నీళ్లల్లనుంచి?"

"నేనే" అంది యాదమ్మ.

"అది ఉండెనా?"

"ఉండె మామా. జరగుమన్న. జరిగింది."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత పడగను ఎత్తబోతే నేనూ చెయ్యి వేశాను. ఖాళీ చోట పెట్టాం. పొరకు పొర, తుప్పు గీతకు తుప్పు గీత కలిసిపోయాయి. చెయ్యి తీసినా పడగ నిలబడింది. మల్లయ్య బొటనవేలితో అతుకు వెంట తడిమాడు, నేను తడిమినట్టే. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు.

"ఉలి పడలే" అన్నాడు. "గీడనే ఉండె. నాలుగేండ్లు నేను పాలు పోసి పోయిన. కింద చెయ్యి పెట్టి చూడలే. మనిషిని అన్న. నా తమ్ముని కొడుకును అన్న."

యాదమ్మ ఏడవలేదు. ఆయన పాల చెంబు ఆమె చేతికిచ్చాడు. "ఈ పాలు నువ్వు పొయ్యి బిడ్డా. ఇయ్యాల్టి సంది నువ్వే పొయ్యి."

ఆమె చెంబు అందుకుంది. పోయలేదు.

"పోస్త మామా. కని ఒకటి చెప్పు. ఆయన పడగ తియ్యలే. మరి పాముకు పగ ఎందుకుంటది? ఉండదు. పాము మింగలే. మరి మనిషేడి?"

సైదులు తప్పు చేశాడు కాబట్టి పాము తీసుకుపోయిందన్నంత కాలం ఊరికి ఒక సమాధానం ఉండేది. దాన్ని మేమే తీసేశాం. నాలుగేళ్ల కిందట మంచి ఈతగాడు, ఏ తప్పూ చేయనివాడు, గాలి లేని రోజున ఈ నీళ్లలోకి వచ్చాడు. ఇంతకుమించి ఇప్పుడు ఎవరి దగ్గరా ఏమీ లేదు. మేం ముగ్గురం అలా నిలబడి ఉండగా, రాయి కింద ఊపిరి చప్పుడు లేదని నాకు తెలిసింది. ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు.

యాదమ్మ రాయి మీద పోయలేదు. నీటి అంచుకు దిగి, చెంబు వంచి, నీళ్లలో పోసింది. పాలు నీళ్లలో పడితే మబ్బులా విచ్చుకోవాలి. ఇవి విచ్చుకోలేదు. దారంలా సన్నగా సాగి, నిటారుగా లోతు వైపు, పాము వెళ్లిన వైపే వెళ్లాయి. ఆ తెల్ల గీత కనపడకుండా పోయేదాకా ఎవరం కదల్లేదు. తర్వాత మల్లయ్యే తెడ్డు అందుకున్నాడు. యాదమ్మను నడుమ కూర్చోబెట్టి ఒడ్డుకు తెచ్చాడు.

గుట్ట ఎక్కేసరికి నాలుగైంది. హనుమంతుకు సంగతి అప్పటికే తెలిసిపోయింది. "దొరికిందంట గద మేడం" అన్నాడు. డబ్బాలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి ఇచ్చాడు. ఆరు గంటలకు దేవరకొండలో బస్సు దొరికింది. తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉన్నాను. అన్నం కలిపినా తినలేకపోయాను.

వానలు పడ్డాక హనుమంతు ఫోన్ చేశాడు. రాయి మునిగిపోయిందట. నాగుల పంచమికి ఊరి ఆడవాళ్లు యాదమ్మను ముందు నడిపించుకుని ఒడ్డుకు వెళ్లారట. ఆమె అందరితో పాటు పసుపు కుంకుమ వేసి, అందరూ ఇళ్లకు వెళ్లాక ఒక్కతే పుట్టి వేసుకుని లోపలికి వెళ్లిందట. ఎవరూ వద్దనలేదట.

పడగ ఎలా ఊడిందో నాకు తెలుసు. ఆ పూట చూసిన మిగతా వాటిలో ఏదీ నాకు తెలియదు, తెలిసినట్టు రాయడం నాకు చేతకాదు. ఒకటి మాత్రం తరచూ ఆలోచిస్తుంటాను. ఆ రాయి చెక్కిన మనిషి పామును కాటు వేసేదానిగా చెక్కలేదు. రెండు చిన్న పాదాలు తడవకుండా పడగ విప్పి నిలబడినట్టు చెక్కాడు. నాలుగేళ్లపాటు ఊరంతా అందులో శిక్షనే చూసింది. శిక్ష అయితే దానికొక కారణం ఉంటుంది. కారణం ఉంటే భయం తక్కువ. ఏ కారణమూ లేకుండా ఒక మనిషిని తనలో ఉంచుకున్న నీళ్ల పక్కన బతకడం ఎలా ఉంటుందో, అది యాదమ్మకే తెలుసు. ఆమె ఆ ఊరు వదల్లేదు, ఆ నీళ్లు వదల్లేదు. నేను గీసిన బొమ్మలో ఐదు పడగలూ ఉన్నాయి. మల్లయ్య చెప్పినట్టు ఉన్నది ఉన్నట్టే గీశాను.

ఆ వైపు నాగరాళ్లు చూడాలనుకునేవారు ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం లోపే బయలుదేరండి. సాగర్ నీటిమట్టం రోజూ పేపర్లో వేస్తారు, చూసుకుని వెళ్లండి. ఒడ్డుకు చేరాక పుట్టివాళ్లు ఈ రోజు వద్దంటే మాత్రం, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, ఎందుకని అడగకుండా వెనక్కి వచ్చేయండి.